దుఃఖమును గూర్చిన ప్రశ్న — క్రైస్తవుని ప్రత్యుత్తరము

(మన సంఘ మందిరమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగపాఠము)



ముందుగా ఒక మనవి. మేము పండితులము కాము. పాస్టరుగారి వలె వేదాంతవిద్య నభ్యసించినవారమును కాము. మెట్రిక్యులేషను ముగించి రాబర్ట్‌సన్‌పేటలోని మా అంగడిలో త్రాసు పట్టిననాటినుండి నేటివరకు బియ్యము, పప్పు, ఉప్పు, చింతపండు అమ్ముకొని బ్రదుకుచున్నవారము. అట్టి మాకు ఇంత గంభీరమైన విషయముపై మాటాడు భారమును కార్యవర్గమువారు ఎందుల కప్పగించిరో మీలో కొందరెరుగుదురు. ఎరుగనివారికొరకు చెప్పెదము.

గతమాసమున మన పఠనమందిరములో జరిగిన గోష్ఠియందు ఒక యువకుడు లేచి కొన్ని ప్రశ్నలు వేసెను. అతడు మనవాడే. ముత్తాతలనాడు చిత్తూరు సీమనుండి వచ్చి గనులలో స్థిరపడిన కుటుంబమువాడు. ప్రతిదినమును తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి, పని చేసి, రాత్రికి ఇల్లు చేరువాడు. అతడడిగినది ఇది. “దేవుడు మంచివాడని మీరందురు. సర్వశక్తిమంతుడనియు అందురు. మంచివాడైనచో మా నాయన రొమ్ము దుమ్ముతో నిండుచుండగా ఊరకుండునా? శక్తిమంతుడైనచో ఆపలేకపోవునా? ఈ రెండింటిలో ఒకటి అబద్ధము కావలెను. లేదా దేవుడే అబద్ధము కావలెను.”

సభలో కలకలము పుట్టినది. కొందరు అతనిని కూర్చుండుమనిరి. ఒకరు నాస్తికులకు ఈ మందిరమున చోటు లేదనిరి. అతడు మారుమాటాడక చెప్పులు తొడుగుకొని వెడలిపోయెను. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. దానికి కారణము కలదు. తరువాత మనవి చేసెదము.

మేము క్రైస్తవులమని మీరందరు ఎరుగుదురు. మన సంఘములో అన్ని మతముల తెలుగువారును కలరు. భాష మనలను కలిపినదేగాని మతము కాదు. కావున ఈ వేదికను మతప్రచారమునకు వాడుకొను తలంపు మాకు లేదు. మా విశ్వాసమును ప్రశ్నించినపుడు మేమేమి చెప్పగలమో, ఏమి చెప్పలేమో, అది మాత్రము చెప్పెదము. ఇతర మతస్థులు తమ తమ మార్గములలో దీనిని ఆలోచించుకొందురు గాక.

ప్రశ్న క్రొత్తది కాదు

ఈ ప్రశ్నను ఆ పిల్లవాడు కల్పించలేదు. క్రీస్తునకు పూర్వమే గ్రీకుదేశమున జీవించిన ఎపిక్యూరసు అను తత్త్వవేత్త పేర ఈ వాదమే నేటివరకు చెలామణి యగుచున్నది. 1755 నవంబరు 1వ తేదీన, సకల పరిశుద్ధుల పండుగనాడు, జనులు దేవాలయములలో ఆరాధనకు కూడియుండగా లిస్బను నగరమును భూకంపము నేలమట్టము చేసినది. ప్రార్థన చేయుచున్నవారి నెత్తిపైననే దేవాలయపు కప్పులు కూలినవి. అంతా మన మేలునకే అని బోధించుచున్నవారిని ఫ్రెంచి రచయిత వోల్టేరు అప్పుడు తన కలముతో నిలదీసెను. నేటివరకు ఐరోపాలో ఆ చర్చ ముగియలేదు.

మన గనులలోను ప్రశ్నించువారు నిన్న మొన్న పుట్టలేదు. ఇరువదియవ శతాబ్ది తొలి యేండ్లలోనే మారికుప్పమున తమిళ సోదరులు కొందరు బౌద్ధసంఘము నెలకొల్పి, దేవుని పేర తమ్ము అంటరానివారిని చేసిన వ్యవస్థను ఎదిరించిరి. మన తెలుగుదేశమున గోపరాజు రామచంద్రరావు గారు, అనగా గోరా గారు, 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. ఆయన గాంధీజీతో దేవుని గూర్చి వాదించినవాడు, గాంధీజీ ప్రేమకు పాత్రుడైనవాడు. వాదముతో ఆగినవాడు కాడు. కులము లేదని నోటితో చెప్పి, తన కుమార్తెను హరిజన యువకునికిచ్చి 1948లో సేవాగ్రామమున వివాహము జరిపించెను. దేవుడున్నాడని దినమునకు మూడుసార్లు ప్రార్థించు మాలో ఎందరు అంతపని చేసిరి? కావున నాస్తికుడనగానే నీతిలేనివాడని మొగము త్రిప్పుకొనుట న్యాయము కాదు. అడుగువాని నోరు మూయించుట జవాబు కాదు.

పైగా మన ఊరిలో ఈ ప్రశ్నకు పుస్తకములు అక్కరలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పని చేపట్టిననాటినుండి 2001లో గనులు మూతపడువరకు ఈ నేల క్రిందనుండి సుమారు 800 టన్నుల బంగారము వెలికి వచ్చినది. ఛాంపియన్ రీఫ్ గని పదివేల అడుగులకు మించి లోతునకు పోయినది. అచ్చట రాతి వేడిమియే 65 డిగ్రీల వరకు ఉండెడిది. అంత లోతున కొండబరువు నంతయు మోయుచున్న రాతిని తొలచినపుడు, అది ఒక్కసారిగా ఫిరంగివలె ప్రేలెడిది. మన పెద్దలు దానిని ‘ఏర్‌బ్లాస్టు’ అనెడివారు. 1952లోను, 1962లోను ఛాంపియన్ రీఫులో సంభవించినవి చరిత్రకెక్కినవి. పైన మన ఇండ్లలో గిన్నెలు గలగలలాడెడివి. గోడలు బీటలు వారెడివి. వెంటనే ఆడువారు పొయ్యిమీది కుండ పొయ్యిమీదనే విడిచి, షాఫ్టువద్దకు పరుగెత్తెడివారు. ఎవరి మగడు పైకి వచ్చునో, ఎవరి మగడు రాడో తెలియదు. వారిలో తిరుపతి వెంకన్నకు మ్రొక్కినవారు కలరు, మరియమ్మకు మ్రొక్కినవారు కలరు, అల్లాకు మ్రొక్కినవారు కలరు. రాయి మతము చూచి పడలేదు.

మనమిచ్చుచు వచ్చిన జవాబులు

ఇట్టి సమయములందు మా క్రైస్తవులము సాధారణముగా మూడు జవాబు లిచ్చుచు వచ్చితిమి. మూడింటిని మా గ్రంథమే అంగీకరింపదని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

మొదటి జవాబు: ఇది పాపమునకు శిక్ష. కాని లూకా సువార్తలో ఒక వృత్తాంతము కలదు. యెరూషలేములో సిలోయమను చోట గోపురము కూలి 18 మంది చనిపోయిరి. వారు ఊరిలోని తక్కినవారికన్న పాపులా అని ప్రభువే ప్రశ్న వేసి, కాదని తానే చెప్పెను. పుట్టుగ్రుడ్డివానిని చూపి, ఇతని పాపమా, ఇతని తలిదండ్రుల పాపమా అని శిష్యులడిగినపుడు, రెండును కాదనెను. పండ్రెండువందల అడుగుల క్రిందనో, పదివేల అడుగుల క్రిందనో రాతిలో నలిగినవారిని గూర్చి మాత్రము ఆయన వేరుగా చెప్పునా? చెప్పడు. శిక్ష అనుటకు మాకు అధికారము లేదు.

రెండవ జవాబు: ఇది విశ్వాసమునకు పరీక్ష, ఓర్చుకొనుము. దీనికి యోబు గ్రంథము చదువుకొనవలెను. యోబు ఆస్తిని, బిడ్డలను, ఆరోగ్యమును కోల్పోయి బూడిదలో కూర్చుండెను. ముగ్గురు స్నేహితులు వచ్చిరి. ఏడు దినములు నోరు మెదపక అతనితో నేలమీద కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. తరువాత వారు నోరు తెరచి దేవుని పక్షమున వకాల్తా పుచ్చుకొని, నీ దుఃఖమునకు కారణమిది, అది అని ఉపన్యసించిరి. యోబు మాత్రము దేవుని మొగముమీదనే నిలదీసెను. గ్రంథము చివర దేవుడు ఎవరిమీద కోపించెనో గమనింపుడు. నిలదీసిన యోబు మీద కాదు, తన పక్షమున మాటాడిన ఆ స్నేహితుల మీద. ఈ సంగతి తెలిసిన పిమ్మట, దేవుని రక్షించుటకు వాదించుట మా పని కాదని మాకు తోచినది.

మూడవ జవాబు: బ్రదికినవారిని చూపి మహిమ అనుట. 2004 డిసెంబరు 26వ తేదీన, క్రిస్మసు మరునాడు, సముద్రము పొంగి వేళాంగణి తీరమును ముంచివేసినది. మన గనులనుండి ఏటేట వేళాంగణికి పోవువారెందరో కలరు. కావున ఆ దినమున మన వీధులలో ఏర్పడిన భయము మీకు జ్ఞప్తియందుండును. తరువాత ఒక మాట వ్యాపించినది. దేవాలయములోనికి నీరు రాలేదు, లోపలివారు బ్రదికిరి, ఇది మాత మహిమ అని. బ్రదికినవారు కృతజ్ఞత చెప్పుకొనుట సహజము. దానిని మేము తప్పుపట్టము. కాని తీరమున కొట్టుకొనిపోయిన వందలాది యాత్రికులును ఆ మ్రొక్కుబడికే వచ్చినవారు కారా? ఇసుకలో ఆడుకొనుచున్న పసిబిడ్డలు ఏ మహిమకు వెలియైరి? చనిపోయినవారి తల్లి వినుచుండగా చెప్పలేని మాటను మనము దేవుని స్తోత్రముగా చెప్పరాదు. నాస్తికుడు ఇచ్చట మనలను తప్పుపట్టినచో, అతడు చెప్పినది న్యాయమే.

మా అపరాధము

ఇప్పుడు మాకు నిద్రపట్టకపోవుటకు కారణము చెప్పెదము. ఇది చెప్పక తక్కినదంతయు చెప్పుట మోసమగును.

సుమారు పదునైదేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఒక స్త్రీ మా అంగడికి వచ్చెను. ఆమె భర్త గనిలో చాలకాలము పనిచేసి, గనులు మూతపడిన తరువాత రొమ్ముజబ్బుతో మంచము పట్టియుండెను. మా ఆవర్జాలో వారి ఖాతాలో మూడు మాసముల బాకీ నిలిచియున్నది. నెలాఖరువరకు మరి అయిదు సేర్ల బియ్యము అప్పీయుమని ఆమె అడిగెను. మేము వ్యాపారము చేయువారము. గనులు మూతపడిన పిదప వీధిలో సగము ఖాతాలు అట్లే నిలిచిపోయినవి. మా కష్టములు మాకును ఉండెను. ఇవ్వలేమని చెప్పియుండవచ్చును. అది కఠినమైనను నిజమగును. కాని మేమట్లు చెప్పలేదు. “అక్కా, ఇదంతయు దైవచిత్తము. విశ్వాసముంచుము, ఆయనే చూచుకొనును” అని చెప్పి, ఆవర్జా మూసితిమి. ఆమె ఏమియు అనలేదు. ఆమెవెంట ఖాళీ గోనెసంచి పట్టుకొని పదేండ్ల పిల్లవాడొకడు నిలుచుండెను. మా వైపే చూచుచుండెను.

గతమాసమున ఈ సభలో లేచి ప్రశ్నించినవాడు ఆ పిల్లవాడే.

అతనికి నాస్తికత్వమును గోరా గారు నేర్పలేదు. వోల్టేరు నేర్పలేదు. మేము నేర్పితిమి. మా లోభమును దేవుని చిత్తమను గుడ్డలో మూటగట్టి ఆ తల్లి చేతిలో పెట్టితిమి. మన గనులలో విశ్వాసము కోల్పోయిన ప్రతి యువకుని వెనుక ఇట్టి మాట ఒకటి ఉండునేమోయని మాకు భయము కలుగుచున్నది.

మనుష్యులు చేసిన దుఃఖము

ఇక వాదమునకు వత్తము. దుఃఖమంతయు ఒకే ఖాతాలో వ్రాయరాదు. వ్యాపారి ఏ పద్దు ఎవరి పేర వ్రాయవలెనో చూచి వ్రాయును. దీనికిని అట్లే చేయవలెను.

ఆ యువకుని తండ్రిని చంపినది పలుగురాతి దుమ్ము. మా తాతగారిని చంపినదియు అదియే. రాతిని పొడిగా తొలచినపుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, వానిని క్రమక్రమముగా రాయివలె బిగియించును. దానినే సిలికోసిస్ అందురు. ఆ దుమ్మును నీటితో అణచవచ్చును, గాలిమార్గములతో తగ్గింపవచ్చును. గనులలో పెద్దయెత్తున పని ప్రారంభమైన 1880నుండి లెక్కించినచో, మైసూరు ప్రభుత్వము ఈ వ్యాధికి పరిహారపు నిబంధనలు చేసిన 1940 నాటికి 60 యేండ్లు గడచినవి. ఆ తరువాత వైద్యులు వేలమంది పనివారిని పరీక్షింపగా నూటికి నలుబదిమందికి పైగా ఈ వ్యాధి చిహ్నములు కనబడినవి. ఈ పద్దును దేవుని పేర వ్రాయుట న్యాయమా? మనిషి ప్రాణముకన్న ఔన్సు బంగారము విలువైనదని తలచినవారి పేర వ్రాయవలెను.

మన కోలారు జిల్లానే చూడుడు. 1876నుండి 1878 వరకు పట్టిన ధాత కరువులో వానలు పడని మాట నిజము. 1871 లెక్కలలో 50 లక్షలకు పైగా ఉన్న మైసూరు రాజ్యపు జనసంఖ్య 1881 నాటికి 42 లక్షలకు దిగినది. కాని ఆ యేండ్లలోనే ఈ దేశపు ఓడరేవులనుండి ధాన్యము విదేశములకు పోవుచుండెను. కొట్లలో గింజలు దాచి ధర పెరుగువరకు వేచియున్న వర్తకులును ఉండిరి. వారు మా వృత్తివారే. వానను ఆపినది ఎవరైనను, గింజను ఆపినది మనిషి.

మనిషికి స్వేచ్ఛ యిచ్చిన దేవుడు ఆ స్వేచ్ఛను చెడ్డపనికి వాడినపుడెల్ల చేయిపట్టి ఆపినచో, ఆ స్వేచ్ఛ బొమ్మలాటయగును. మేలు చేయుటకును విలువ యుండదు. ఇది మా విశ్వాసములో పెద్దలు చెప్పిన వాదము. దీనిలో బలము కలదు.

కాని ఈ వాదము అన్నిటికి చాలదు. ఏర్‌బ్లాస్టును, సునామీని, పసిబిడ్డకు వచ్చు జబ్బును మనిషి స్వేచ్ఛ పేర వ్రాయలేము. దానికి మరియొక వాదము చెప్పుదురు. ప్రపంచము నియమములమీద నడచుచున్నది. అన్నము వండు నిప్పే చేయి కాల్చును. కొండను నిలువబెట్టు బరువే గనిని కూల్చును. నియమము గంటకొకసారి మారినచో మనిషి ఏమియు నేర్చుకొనలేడు, ఏ పనియు చేయలేడు. నియమముండుటచేతనే రాయి ఎందుచేత ప్రేలునో చదువవచ్చును. 1988లో రాతి స్వభావమును పరిశోధించు జాతీయసంస్థ మన గనులలోనే స్థాపింపబడినది. ఇచ్చట ప్రాణములు పోగొట్టుకొన్నవారి వలన నేర్చుకొన్నది ఇతరచోట్ల సొరంగములలో పనిచేయువారిని కాపాడుచున్నది. ఇదియు నిజమే.

ఐనను ఒక తల్లియొద్దకు పోయి, అమ్మా, ప్రకృతి నియమములు తప్పనివి అని చెప్పి చూడుడు. మీ నోరే మీకు సహాయము చేయదు. ఈ వాదములు ప్రశ్నను కొంత చిన్నది చేయును. దానిని తుడిచివేయలేవు. మిగిలిన దుఃఖమునకు కారణము మాకు తెలియదు. తెలియునని చెప్పుటయే మేము చేసిన పాపము.

విశ్వాసము చెప్పునదేమి?

అట్లైన క్రైస్తవమువలన లాభమేమి అని అడుగుదురు. మా విశ్వాసపు మధ్యభాగమున నున్నది వాదము కాదు, ఒక సిలువ. దేవుడు సింహాసనముమీద కూర్చుండి దుఃఖమునకు కారణము లొప్పజెప్పినట్లు సువార్తలలో లేదు. ఆయన వచ్చి ఆ దుఃఖములో దిగినట్లు మాత్రము కలదు. బేతనియలో లాజరు సమాధివద్ద ప్రభువు, అతనిని లేపబోవుచున్నానని తెలిసియు, ముందుగా కన్నీరు విడిచెను. ఏడ్చుచున్న అక్కచెల్లెండ్రతో ఏడువవలదని ఉపన్యసించలేదు. సిలువమీద ప్రాణము పోవునపుడు, దేవుడు తన్ను ఎందుకు విడనాడెనని ఆయనయే బిగ్గరగా అడిగెను. ఆ ప్రశ్నకు అప్పుడు ఆకాశమునుండి జవాబు రాలేదు. కావున మన పఠనమందిరమున ఆ యువకుడు వేసిన ప్రశ్న మా ప్రభువు నోట వెలువడిన ప్రశ్నయే. ఆ ప్రశ్నను వెలివేసినచో ప్రభువునే వెలివేసినట్లగును.

ఇందుకు ఆ యువకుడు ఏమనునో మాకు తెలియును. “దేవుడు నాతోపాటు ఏడ్చినంతమాత్రమున రాయి లేచునా?” అనును. లేవదు. ఆ శుక్రవారమున ఏ రాయియు లేవలేదు. మూడవ దినమున సమాధి రాయి లేచినదని మేము నమ్ముచున్నాము. చివరకు మరణమునకును, దుమ్మునకును, కరువునకును జయముండదని ఆ నమ్మకమువలన ఆశించుచున్నాము. ఇది ఋజువు కాదు, నిరీక్షణ. ఋజువని చెప్పి అమ్మినచో కల్తీసరకు అమ్మినట్లగును.

ఒక్క మాట మాత్రము ఆ యువకునితో సోదరభావముతో చెప్పదలచితిమి. రాతిమీద ఎవరును కోపింపరు. ‘ఇట్లు జరుగరాదు’ అని మనము కోపించుచున్నామనగా, పేదవాని ఊపిరికి బంగారముకన్న విలువ కలదని మనము ఎరుగుదుమన్నమాట. ఆ విలువ దేవుడు ఉంచినదని మేమందుము. అది మనుష్యులు తమలో తాము కూడి నిలుపుకొన్నదని నాస్తికులందురు. ఈ విషయమున ఇరువురము వేరుగా తలంచుచున్నాము. విలువ కలదనుటలో మాత్రము భేదము లేదు. కలిసి పనిచేయుటకు అది చాలును.

ఫిర్యాదును ప్రార్థనయే

దేవునిమీద ఫిర్యాదు చేయుట నాస్తికత్వమని మనలో కొందరి భయము. మా కీర్తనల గ్రంథములోని 150 కీర్తనలలో దాదాపు మూడవవంతు, ఎంతకాలము, ఎందుకు అని దేవుని నిలదీయునవే. తెలుగువారికి ఇది క్రొత్తయా? భద్రాచలమున గుడి కట్టించి గోలకొండ చెరసాలలో దెబ్బలు తిన్న కంచెర్ల గోపన్న, రామునికి చేయించిన ఒక్కొక్క నగకు లెక్క చెప్పి నిలదీయలేదా? ఆ కీర్తనలను మనము భక్తిగానే పాడుచున్నాము. గుఱ్ఱము జాషువ గారు 1941లో వెలువరించిన గబ్బిలము కావ్యములో, గుడిలోనికి పోలేని అభాగ్యుడు గుడిలోనికి పోగల గబ్బిలముద్వారా కాశీనాథునికి తన మొర పంపుకొనలేదా? నిలదీయువాడు సంబంధమును త్రెంచుకొనలేదు. త్రెంచుకొన్నవాడు నిలదీయుటకు రాడు, ఇంటనే యుండును. ఆ యువకుడు మన సభకు వచ్చి అడిగెను. అతనిని పంపివేసినది మనము.

చేతులతో చెప్పవలసిన జవాబు

ధాత కరువులో కోలారునందు తలిదండ్రులు చనిపోయిన బిడ్డలను ఆన్స్టీ దొరసానిగారు చేరదీసి అనాథాశ్రమము నడిపిరి. కరువు ఎందుకు వచ్చెనని ఆమె ఆ బిడ్డలకు ఉపన్యసించి కూర్చుండలేదు, గంజి కాచి పోసెను. ఆ పనిని 1890లో మెథడిస్టు మిషనువారు స్వీకరించిరి. 1910లో కోలారునందు వారు స్థాపించిన ఎల్లెన్ థొబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రిలో మన తల్లులెందరో ప్రసవించిరి. అదే కరువులో ఒంగోలునందు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకపు పనిలో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. అన్నముకొరకు మతము పుచ్చుకొన్నారను మాట రాకుండుటకు, కరువు సాయము నడచుచున్నంతకాలము బాప్తిస్మము లీయక ఆపెను.

మరియొక వైపు చూడుడు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసి వేలాది ప్రాణములను హరించినపుడు, అచ్చటికి పోయి సేవ చేసినవారిలో విజయవాడ నాస్తిక కేంద్రమువారును ఉండిరి. క్రైస్తవ మిషనులవారును ఉండిరి. బురదలోనుండి శవములు తీయుచున్న చేతులను చూచి, ఏది ఆస్తికుని చేయి, ఏది నాస్తికుని చేయి అని ఎవరు చెప్పగలరు? కడపటి తీర్పునాడు ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితివా అని అడుగుదునని ప్రభువు చెప్పెను. వాదములో గెలిచితివా అని అడుగుదునని చెప్పలేదు. పేరు తెలియకయే ఆయనకు సేవ చేసినవారుందురనియు అచ్చటనే కలదు. అది మాకు భయమును, సంతోషమును కూడ కలిగించుచున్నది.

కడపటి మనవి

గడచిన వారము మేము ఆ యింటికి పోయితిమి. తండ్రి ఏనాడో కాలధర్మము చెందెను. తలుపు తీసినవాడు ఆ యువకుడే. క్షమింపుమని అడుగుటకు వచ్చితిమంటిమి. “నాకు కాదు మామా, అమ్మతో చెప్పుము” అని లోనికి పిలిచెను. ఆ తల్లి మేము చెప్పినదంతయు వినెను. తరువాత అనినది: “అన్నా, బియ్యము సంగతి ఎప్పుడో మరచితిని. నీవన్న ఆ మాట మాత్రము మరువలేదు. నాయన దగ్గుచున్నపుడెల్ల ఈ పిల్లవాడు ఆ మాటే అడిగెడివాడు, దేవునికి ఇదే ఇష్టమా అమ్మా అని.” మేమేమియు చెప్పలేకపోతిమి. చాలసేపు ఊరక కూర్చుంటిమి. ఆమె కాఫీ యిచ్చెను. త్రాగి వచ్చితిమి.

ఆ యువకుడు నేటి సభకు వచ్చునని మేము చెప్పలేము. వచ్చి మా మాట విన్నను ఒప్పుకొనుననియు చెప్పలేము. ఒప్పుకొనవలెనని మేము కోరుటయు లేదు. కాని ఈ మందిరపు తలుపు అతనికి మూయరాదని మాత్రము కోరుచున్నాము.

కార్యవర్గమువారికి మూడు విన్నపములు. మొదటిది, ప్రశ్నించిన యువకులను పఠనమందిరమునకు తిరిగి ఆహ్వానించుచు మన సంఘము పేర లేఖ వ్రాయవలెను. రెండవది, దుమ్ముజబ్బుతో నేటికిని మంచముపట్టియున్న పాత గనిపనివారు మన తెలుగు కుటుంబములలో ఎందరున్నారో ఇల్లిల్లు తిరిగి జాబితా వేయవలెను. వారి వైద్యపు కాగితములకు, పింఛను కాగితములకు సాయపడుటకు చదువుకొన్న పిల్లలను నియమింపవలెను. ఈ పనికి ఆస్తికుడైనను నాస్తికుడైనను పనికివచ్చును. మూడవది, ఏ యింటనైన దుఃఖము కలిగినపుడు మన సంఘమువారు పోయి కూర్చుండవలెను. యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు కూర్చుండినట్లు కూర్చుండవలెను. ఎనిమిదవ దినమున వారు చేసిన ఉపన్యాసము మాత్రము చేయరాదు.

మా అంగడి విషయమున, గనులు మూతపడిన యేండ్లలో గనిపనివారి కుటుంబముల పేర నిలిచిపోయిన పద్దులన్నిటిని ఆవర్జానుండి కొట్టివేసితిమి. ఇది దానము కాదు. వారికి మేము పడిన బాకీలో కొంత మాత్రమే. ఆ కుటుంబములవారు ఎవరైన ఈ సభలో నుండినచో మమ్ము క్షమింపవలెనని కోరుచున్నాము.